మంచినీళ్ళ ట్యాంకరు

రబ్బరు లాగు తొడుక్కోవడానికి బుచ్చన్నకు ఒక పద్ధతి ఉంది. ముందు గోడకు వీపు ఆనించాలి. ఎడమ కాలు దూర్చి, బూటు అడుగు వేళ్ళకు తగిలేదాకా ఆగాలి. ఆ తర్వాతే కుడి కాలు. అది చంకల దాకా వచ్చే లాగు. బూట్లు కూడా దానికే అతికి ఉంటాయి. ఎవరో పొడుగాటి మనిషి కోసం తెప్పించింది కావడంతో బుచ్చన్నకు మోకాళ్ళ దగ్గర ముడతలు పడేవి. ఏళ్ళ తరబడి అదే చోట పడీ పడీ ఆ ముడతలు ఒంటి చర్మంలా ఒదిగిపోయాయి. భుజాల మీద పట్టీలు బిగించుకుని, ఎడమ పట్టీకి గుచ్చి ఉన్న ఈకల ఈగను అలవాటుగా ఒకసారి వేలితో తాకి, నీళ్ళలోకి దిగాడు.

నీళ్ళు నిన్నటికంటే వెచ్చగా ఉన్నాయి. రబ్బరు మీంచే తెలిసిపోయింది.

గట్టు పక్కన దారానికి వేలాడుతున్న, నీళ్ళ వేడి కొలిచే గాజు గొట్టాన్ని పైకి లాగి చూశాడు. బుచ్చన్నకు అంకెలు రావు. అందుకని ఇంజనీరు సుధాకరరావు తన భార్య కమలాదేవి గోళ్ళరంగు సీసా తెచ్చి, గొట్టం మీద ఒక గీత పెట్టి ఇచ్చాడు. లోపలి ఎరుపు ఆ గీత దాటిందంటే చేపలు బతకవని చెప్పాడు. ఈ పొద్దు ఎరుపు ఆ గీతను కిందినుంచి ముద్దు పెట్టుకున్నట్టు ఆనుకుని ఉంది.

రాత్రంతా దక్షిణపు గాలి వీచింది. ఫిబ్రవరి సగంలోనే వేసవి తొంగిచూసినట్టుంది. షెడ్డులో నీళ్ళను చల్లబరిచే యంత్రం నాలుగు రోజులుగా దగ్గే ముసలివాడిలా ఆగి ఆగి ఆడుతోంది. దాని మీద బరువు తగ్గాలని చెరువు నీళ్ళు సగానికి దించారు.

"ఏమన్నా, అల్లుండ్లు లేచిండ్రా?"

ఖాసీం గట్టు మీద నిలబడి పళ్ళు కనిపించేలా నవ్వుతున్నాడు. బోధన్ మనిషి, ఈ తోటకు డ్రైవరు. ఈ చేపలకు జరిగే మర్యాదలు చూసి వాటికి ఆ పేరు పెట్టింది అతనే.

"లేచిండ్రు. ఒకడు మాత్రం మూతి పైకి వెట్టి గాలి పీలుస్తుండు."

"అల్లుండ్లకు ఏసీ, మనకు పంఖా. మీకు మల్ల జన్మ ఉంటదంటరు గద అన్నా, ఈపారి చేపవై పుట్టు. విమానంల తెస్తరు. పాస్‌పోర్టు సుత అడగరు."

"రోజాల ఉన్నవ్. ఎందుకు నోరు నొప్పి చేసుకుంటవ్ పో" అన్నాడు బుచ్చన్న. కానీ నవ్వాడు. నవ్వినప్పుడు ఎడమ రెక్క కింద ఏదో పట్టేసినట్టయింది. గ్యాసు అనుకున్నాడు. వారం రోజులుగా అలాగే అనుకుంటున్నాడు.

దోహా నుంచి మదీనత్ అల్ షమాల్ వెళ్ళే రోడ్డు మీంచి లోపలికి మళ్ళితే, ఖర్జూరపు చెట్ల వరస వెనక ఉంటుంది ఆ తోట. దాని యజమానిని అందరూ అర్బాబ్ అంటారు. చిన్నప్పుడు ఇంగ్లాండులో చదువుకుని, చదువుతోపాటు ట్రౌట్ చేపల పిచ్చి కూడా అంటించుకుని వచ్చిన మనిషి. ఆ చేపకు మంచు దేశపు నీళ్ళు కావాలి. అయితేనేం, డబ్బున్నవాడి ముచ్చటకు ఎడారి అడ్డమా? నల్లటి ప్లాస్టిక్ పరిచి చెరువు తవ్వించాడు, పైన ఆకుపచ్చ వల కప్పించాడు, యంత్రం పెట్టించాడు. ఏటా చలికాలం మొదట్లో చేపలు విమానంలో సంచుల్లో వస్తాయి. వేసవి ముదిరేలోపల ఆట ముగుస్తుంది.

అర్బాబ్ తరఫు మనిషి ఒకడు దోహాలోని అబూ హమూర్ చేపల మార్కెట్టుకు వచ్చి, చేపల పని ఎవరికి తెలుసని అడిగినప్పుడు, మంచు పెట్టెలు మోస్తున్న బుచ్చన్న చెయ్యెత్తాడు. అబద్ధమేమీ కాదు. మెట్‌పల్లి దిక్కున వాళ్ళది చేపలు పట్టే కులమే. కానీ అతనికి తెలిసింది చేపను చంపడం. ఇక్కడ అప్పగించింది బతికించడం. ఆ తేడా మొదటి ఏడాది అర్థమయ్యేసరికి చాలా చేపలు పోయాయి.

శుక్రవారాలు అర్బాబ్, ఆయన స్నేహితులు వస్తారు. సన్నటి పొడుగాటి గాలపు బెత్తాలు పట్టుకుని గట్టున నిలబడతారు. దారం వాళ్ళ తలల మీద గాలిలో మెలిక తిరిగి, ముందుకు సాగి, చివర కట్టిన ఈగ చప్పుడు లేకుండా నీటి మీద వాలుతుంది. నాలుగు ఈకలు, ఒక దారపు పోగు, చీమంత గాలం. అదే ఆ ఈగ. చేప దాన్ని నిజమని నమ్మి పైకి వస్తుంది. లాగుతారు, అలిసిపోయేదాకా ఆడిస్తారు, గట్టుకు తెస్తారు, చూస్తారు. మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారు.

వదిలేది బుచ్చన్నే. ఆ పని అతనికి నేర్పింది వాళ్ళతో వచ్చే ఒక ముసలి తెల్లదొర. అలిసిన చేపను విసిరేస్తే చచ్చిపోతుంది. ఒక చెయ్యి తోక దగ్గర, ఒక చెయ్యి కడుపు కింద పెట్టి, వచ్చే నీళ్ళకు దాని మూతి ఎదురు పెట్టి పట్టుకోవాలి. దవడలు ఆడుతుంటాయి. తొందరపడకూడదు. దానికి శక్తి వచ్చినప్పుడు అదే తోక విదిల్చి వెళ్ళిపోతుంది. ఆ విదిలింపు అరచేతికి తగిలిన ప్రతిసారీ బుచ్చన్న లోలోపల వేములవాడ రాజన్నకు దండం పెట్టుకునేవాడు. పట్టీకి ఉన్న ఈగ ఆ దొర ఇచ్చిందే.

"పట్టుడెందుకు, ఇడుసుడెందుకు ఖాసీం?" అని అడిగాడు ఒకసారి.

"పెద్దోళ్ళ ఆట. మనల్ని పట్టలేదా అన్నా, ఈకలు జూపిచ్చి?"

"పట్టిండ్రు సరే. ఇడుస్తలేరు గద."

ఖాసీం గుడ్డ తీసుకుని బండి అద్దం తుడవసాగాడు.

భార్య లింగవ్వ మాటలు క్యాసెట్టులో వచ్చాయి. అల్ రయ్యాన్‌లో పనిచేసే వాళ్ళ ఊరి పిల్లగాడు సెలవు నుంచి వస్తూ తెచ్చాడు. బుచ్చన్న దాన్ని ఖాసీం బండిలో పెట్టించుకుని విన్నాడు. ముందు కోళ్ళ అరుపులు, ఎవరో దగ్గు, ఆ తర్వాత ఆమె గొంతు. ఆ డబ్బా ఏదో తనను చూస్తున్నట్టు సిగ్గుపడుతూ మొదలుపెట్టింది. సముద్రం అవతల ఏ దేశమైనా ఆమెకు దుబాయే.

"నేను మంచిగనే ఉన్న. బీడీలు జేస్తనే ఉన్న, ఆకు చేతికి తెలుస్తది గద. దీపం వెట్టేటప్పుడు వత్తి మాత్రం కనవడుతలేదు. మంట కనవడుతది. కరీంనగర్ డాక్టరు జెప్పిండు, ఈ చూపు ఎండకాలం దాటదట. ఇంక దానికి మందు లేదట. ఏడ్వకు. దుబాయ్‌ల నువ్వెట్లున్నవో, బక్కవడ్డవో, తెల్లవడ్డవో. ఒక్కపారి వచ్చి మొకం జూపిచ్చి పో. నేను జూసి దాసుకుంట. తర్వాత కండ్లు ఎటు వోతె ఎటు."

పిల్లలు నిలవని ఇల్లు వాళ్ళది. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తప్ప ఆ ఇంట్లో వేరే పండగ ఎప్పుడూ లేదు.

అక్కడి చట్టం ప్రకారం అర్బాబ్ సంతకం లేనిదే బుచ్చన్న దేశం దాటలేడు. ఆయన చెడ్డవాడు కాదు. మనసు బాగున్నప్పుడు ఏ కాగితం పెట్టినా చూడకుండా సంతకం పెడతాడు. ఆ మనసు బాగయ్యేది చెరువు గట్టునే. రంజాన్ నెలలో ఉపవాసపు సాయంత్రం గడవడానికి చేపల ఆటంత మంచి కాలక్షేపం లేదని ఆయన అంటాడు. రేపు శుక్రవారం పెద్ద పెద్దవాళ్ళు వస్తున్నారు. ముసలి దొర కూడా వస్తున్నాడు.

"శుక్రవారం గడవనీ బుచ్చన్నా" అన్నాడు సుధాకరరావు. "వచ్చినవాళ్ళు నవ్వుతూ వెళ్తే, శనివారం పొద్దున్నే నీ కాగితం నేనే తీసుకెళ్ళి సంతకం పెట్టిస్తాను. చేపల్ని మాత్రం కాపాడు."

శుక్రవారం దాకా. అంతే కావలసింది.

పొద్దెక్కాక యంత్రం ఆగిపోయింది.

మొదట బుచ్చన్నకు తెలియలేదు. చప్పుడు ఆగడం కంటే ముందు పిట్టల కూతలు వినబడ్డాయి. షెడ్డులోకి పరుగెత్తాడు. మీట వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. యంత్రం ఒకసారి వణికి ఊరుకుంది. మీట డబ్బా తలుపు లోపల అతికించిన రాజన్న బొమ్మను చూశాడు. "ఇయ్యాల్నేనా తండ్రీ?" అన్నాడు. కోపంగా అనలేదు. అడిగాడంతే.

కాపలా గదిలోంచి ఫోన్ చేయించాడు.

"కంప్రెసర్ పోయి ఉంటుంది" అన్నాడు సుధాకరరావు. "దోహాలో వెతికించి సామాను పట్టుకుని బయల్దేరతాను. మధ్యాహ్నం దాటుతుంది. ఈలోపల బోరు నీళ్ళు వదులుతూ ఉండు. నీడ పడేలా చూడు."

బోరు నీళ్ళు భూమిలోంచే వెచ్చగా వస్తాయి. వాటిలో కొంచెం ఉప్పు కూడా. ఇన్నాళ్ళూ యంత్రంలోంచి తిరిగి చల్లబడి వచ్చేవి కాబట్టి సరిపోయింది. ఇప్పుడు గొట్టంలోంచి దూకుతున్న నీళ్ళను అరచేత పట్టి చూసి వదిలేశాడు. పడుకునే గదిలోంచి దుప్పట్లు తెచ్చి వల మీద పరిచాడు. తన దుప్పటి, ఖాసీం దుప్పటి, చివరికి తలగడ గలేబులు కూడా. మళ్ళీ దిగి, చేతులతో నీళ్ళు పైకి ఎగజిమ్మి కలియబెట్టాడు. చేపలు లోతుగా ఉన్న మూలకు చేరి, మూతులు పైకి పెట్టి, వరుసగా ఒకే మాట అంటున్నట్టు దవడలు ఆడిస్తున్నాయి.

గాజు గొట్టంలోని ఎరుపు, గోళ్ళరంగు గీతను దాటింది.

అప్పుడే గేటు దగ్గర ట్యాంకరు హారను వినబడింది.

ఆ తోటలో మంచినీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు పండగ. బోరు నీళ్ళతో స్నానాలు, గిన్నెలు. తాగడానికీ అన్నానికీ మాత్రం ఈ ట్యాంకరు నీళ్ళు. వచ్చిన రోజు అందరూ ముందు ఒక గ్లాసు తాగి, ఆహా అనుకుని, తర్వాత పొదుపుగా వాడుకుంటారు. ఆ నీళ్ళకు ఒక వాసన ఉంటుంది, ఊళ్ళో పెద్ద దవాఖాన వరండాలో ఉండే వాసనలాంటిది. మందు కలిపిన నీళ్ళు, రోగం రాకుండా కాపాడతాయని కొత్తలో ఎవరో చెప్పారు. అప్పటినుంచీ ఆ వాసనంటే బుచ్చన్నకు గౌరవం.

ట్యాంకరు తూము కింద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉన్నాయి! రాత్రి నింపుకుని తెల్లవారుజామున బయల్దేరిన బండి కాబోలు, ఇనుము ఇంకా చల్లదనం విడవలేదు. ఒక గుక్క తాగాడు. తియ్యగా దిగింది.

"ఖాసీం, ఈ నీళ్ళు చెరువుల వొయ్యమను."

"దిమాక్ ఖరాబైందా అన్నా? మనమేం తాగాలె? మల్ల వారందాక ట్యాంకర్ రాదు."

"బోరు నీళ్ళు తాగుదాం. నీళ్ళు సల్లగున్నయ్. మందు గూడ ఉన్నది. మనుషులకే ఇంత మంచిగ జేస్తయ్, చేపలకు జెయ్యవా?"

ఖాసీం అతని మొహం చూశాడు. క్యాసెట్టు విన్న రోజు బండిలో పక్కన కూర్చున్నవాడు అతనే. పొద్దుటినుంచి గొంతు తడవని మనిషి, ట్యాంకరు వైపు ఒకసారి చూసి, పెదవులు నాలుకతో తడుపుకోబోయి మానుకున్నాడు.

"సరే తియ్. రోజా ఇడువనీకి ఒక్క బుడ్డి ఉంచు. చాలు." డ్రైవరు వైపు తిరిగి, "యల్లా భాయ్, ఇటు దిక్కు రివర్స్" అని చెయ్యి ఊపాడు.

లావాటి గొట్టంలోంచి మంచినీళ్ళు చెరువులోకి దూకాయి. చల్లదనం తగలగానే చేపలు గుంపుగా ఆ మూలకు పరుగెత్తాయి. ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ, ఆ ధారకు ఎదురు నిలబడ్డాయి. ఒకటి ఎగిరి పడింది. మచ్చల ఒళ్ళు ఎండలో తళుక్కుమంది. బుచ్చన్నకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సూడు ఖాసీం, సూడు! ఎట్ల తాగుతున్నయో సూడు!"

"అల్లుండ్ల మర్యాద మంచిగయ్యింది" అన్నాడు ఖాసీం. "ఇగ శనివారం నీ టిక్కెట్టు పక్కా. లింగవ్వ వదినకు అత్తరు కొనుక్కపో. కండ్లకు కనవడకున్నా వాసన ఉంటది గద."

ట్యాంకరు ఖాళీ అయి వెళ్ళిపోయింది.

కాసేపటికి మొదటి చేప పక్కకు ఒరిగింది. బుచ్చన్న దాన్ని నిలబెట్టాడు. అది అతని చేతుల్లోంచి జారి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ ఒరిగింది. పక్కన ఇంకొకటి. దవడలు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉన్నాయి. ఒకటి ఉన్నట్టుండి బాణంలా దూసుకెళ్ళి ప్లాస్టిక్ గట్టుకు మూతి గుద్దుకుంది. తెల్లటి కడుపులు ఒక్కొక్కటిగా పైకి తేలాయి. నీళ్ళు చల్లగానే ఉన్నాయి. గాజు గొట్టం లాగి చూశాడు. లోపలి ఎరుపు ఆ గీతకు దిగువకే వచ్చింది. మరి ఎందుకు? దేన్ని పట్టుకోవాలో, దేన్ని వదలాలో తెలియక ఒకదాని తర్వాత ఒకదాన్ని ఎత్తి, ధారపడ్డ ఆ మూలకే తీసుకెళ్ళి, ఇంకా మంచినీళ్ళు మిగిలిన చోటికే తీసుకెళ్ళి, మూతులు ఎదురు పెట్టి పట్టుకున్నాడు.

సుధాకరరావు సామానుతో వచ్చేసరికి చెరువు తెల్లబడింది. కారు దిగిన మనిషి గట్టు దాకా వచ్చి, గాలి పీల్చి ఆగిపోయాడు.

"ఏం నీళ్ళు పోశారు?"

"నేనే వోయించిన సార్" అన్నాడు ఖాసీం వెంటనే. "ట్యాంకర్ నీళ్ళు. సల్లగున్నయని."

"కాదు సార్. నేను" అన్నాడు బుచ్చన్న నడుములోతు నీళ్ళలోంచి. "వాడు వద్దనే అన్నడు."

సుధాకరరావు చేతిలోని సంచి కింద పెట్టి, గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. "ఆ నీళ్ళలో క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారయ్యా. మనకి ఏమీ కాదు. చేపలకి విషం." గట్టుకు కొట్టుకొచ్చిన ఒక చేపను వేలితో కదిపాడు. "నేను ఫోన్లో ఆ మాట అనాల్సింది. నాకు తట్టలేదు. తాగే నీళ్ళు ఎవరైనా చెరువులో పోస్తారని ఎలా తడుతుంది?"

ఆయన కాపలా గదిలోంచి అర్బాబ్‌కు ఫోన్ చేశాడు. చాలాసేపు అరబ్బీలో ఔను, ఔను అంటూ విన్నాడు. బయటికి వచ్చి బుచ్చన్న మొహం వైపు చూడకుండా చెప్పాడు.

"రేపటి పార్టీ లేదు. ఈ ఏటికి చెరువు మూసేయమన్నారు."

"మరి నా సంతకం సార్?"

"ఇప్పుడు ఆ మాట ఎత్తనివ్వలేదు బుచ్చన్నా. అడిగాను. వేసవిలో తోట పనులన్నీ ఉన్నాయి, వచ్చే చలికాలం చూద్దాం అన్నారు."

బుచ్చన్న తల ఊపాడు. వేసవి అన్న మాట దగ్గరే అతను ఆగిపోయాడు.

సుధాకరరావు బోరు నీళ్ళు ధారాళంగా వదలమని చెప్పి, యంత్రం ముందు కూర్చుని కొత్త సామాను బిగించాడు. సాయంత్రానికి అది ఆడడం మొదలుపెట్టింది, ఎవరికీ అక్కర్లేని చప్పుడు చేసుకుంటూ. చచ్చిన చేపల్ని పొద్దున ఎత్తుదామని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. వెళ్తూ బుచ్చన్న భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాడు గానీ, బుచ్చన్న ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు.

దూరంగా, బోరు గొట్టం పడే మూల, ఒక చేప ఇంకా దవడలు ఆడిస్తోంది. పెద్దది. ఉదయం మూతి పైకి పెట్టి గాలి పీల్చినదే. ట్యాంకరు దగ్గరికి పోలేని నీరసం వల్ల అది అక్కడే ఉండిపోయింది.

బుచ్చన్న రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చాడు. యంత్రంలోంచి చల్లగా వస్తున్న నీళ్ళకు మూతి ఎదురు పెట్టాడు. నీళ్ళలోకి దిగే మెట్టు మీద కూర్చున్నాడు. నిలబడే ఓపిక లేదు. రెక్క కింది నొప్పి చేతిలోకి దిగింది. నీళ్ళ చలి అనుకున్నాడు.

రాజన్నా, నేనేం తప్పు జేసిన? నా నోటికాడి నీళ్ళే వోసిన గద. మంచిదని వోసిన. మంచిదనుకున్నది మంచిది ఎందుకు గాలేదు? నీకు తెలిసే ఉంటది. నువ్వు మాత్రం చెప్పవు. సరే. చెప్పకు. ఈ ఒక్కదాన్ని ఇడువు.

లింగవ్వ ఇప్పుడు దీపం పెడుతూ ఉంటుంది. కాదు, అక్కడ ఎప్పుడో చీకటి పడి ఉంటుంది. వత్తిని వేళ్ళతో తడిమి, మంట మాత్రం చూసి ఉంటుంది. తన మొహం ఎలా ఉందో అతను నీళ్ళలో చూసుకుందామనుకున్నాడు. నీళ్ళు కదులుతూ ఉన్నాయి. చేప బరువుగా, మెత్తగా, ఎటూ పోకుండా అరచేతుల్లో ఉంది. తొందరపడకూడదు. దానికి శక్తి వచ్చినప్పుడు అదే పోతుంది.

అది తోక విదిల్చింది.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడగానే ఖాసీం ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, బుడ్డిలోంచి గుక్కెడు నీళ్ళు తాగాడు. మిగిలినవి తాగబుద్ధి కాలేదు. ఇంకో రెండు ఖర్జూరాలు తీసుకుని, బుడ్డి పట్టుకుని చెరువు దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఇగ లే. పొద్దటి సంది ఏం తినలేదు నువ్వు. రోజా నాకంటె నువ్వే వట్టినట్టుంది."

బుచ్చన్న మెట్టు మీద ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. తల గట్టుకు ఆనుకుంది. చేతులు మోచేతుల దాకా నీళ్ళలో, దోసిలి పట్టినట్టు ఉన్నాయి. దోసిలిలో ఏమీ లేదు. చెరువులో తెల్లటి కడుపుల మధ్య, నీడలాంటిది ఒకటి నెమ్మదిగా అటునుంచి ఇటు వెళ్ళింది.

"అన్నా" అన్నాడు ఖాసీం ఇంకోసారి. ఈసారి గట్టిగా అనలేదు.

సంతకం ఆదివారం అయింది. అర్బాబ్ చూడకుండానే పెట్టాడు. బుచ్చన్న ఉన్న పెట్టెతోపాటు ఎవరు వెళ్తారని అడిగితే ఎవరూ లేరన్నారు. సుధాకరరావు విమానాశ్రయం దాకా వెళ్ళాడు. ఖాసీం, క్యాసెట్టును ఏం చెయ్యాలో తెలియక, బట్టల సంచిలో అడుగున పెట్టి పంపించాడు. మొహం చూపించేలా పెట్టె మూత తెరుస్తారా, తెరిస్తే ఆ వెలుగులో ఆమెకు కనబడుతుందా అని బండి నడుపుతూ ఒకసారి అనుకున్నాడు. పూర్తిగా అనుకోలేకపోయాడు.

ఆ సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి, మూలన పడేసి ఉన్న రబ్బరు లాగును మేకుకు, బుచ్చన్న ఆరేసినట్టే తలకిందులుగా తగిలించాడు. బూట్లలోంచి నీళ్ళు జారి పట్టీల మీదుగా నేల మీదికి కారాయి. ఖాళీ లాగు గోడకు వెన్ను ఆనించి వేలాడింది. మోకాళ్ళ దగ్గర ఆ ముడతలు అలాగే ఉన్నాయి, ఎడమ పట్టీకి ఈకల ఈగ తడిసి రబ్బరుకు అంటుకుపోయి ఉంది.